యూనిస్ తెచ్చుకున్న డబ్బా మానిటర్

హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, మా తెలుగువాళ్ళుండే బిర్సానగర్‌లో, క్రేన్ ఆపరేటర్ పౌల్‌రాజు కూతురు యూనిస్‌కి బాప్తిస్మం ఇచ్చిన రోజున, పాస్టరుగారు నెత్తిన నీళ్ళు చల్లితే ఆ చంటిపిల్ల గిన్నెలో చెయ్యి ముంచి ఆయన మీద తిరిగి చల్లింది. నేను పక్కనే ఉన్నాను. ఇందులో సగం అబద్ధమని పౌల్‌రాజు అంటాడు. ఏ సగమో మాత్రం చెప్పడు.

ఆ పిల్ల పెద్దదై, ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేసేది. స్టూడియోవాళ్ళు ఫొటోలు సీడీలో ఇస్తే, రంగులు సరిచేసి, పేజీలుగా అమర్చి, ముద్రించే ల్యాబ్‌కి పంపేది. ఎక్కువ పని బలరామ్ స్టూడియో నుంచే వచ్చేది.

రెండువేల ఆరులో కస్తూరమ్మ కూతురు మనస్వి పెళ్ళికి ఫొటోలు తీసింది బలరామే. మనస్వి చామనచాయ పిల్ల. కస్తూరమ్మ స్టూడియోకి వెళ్ళి, ఆ ఆల్బమ్ చేస్తున్న స్టూడియో కుర్రాడు సుదీప్‌తో తనకొచ్చిన హిందీలో, "లడ్కీ కో థోడా లాల్ కరో" అంది. మన వైపు ఎర్రటి పిల్ల అంటే తెల్లటి పిల్ల. తెలుగు రాని సుదీప్‌కి ఆ సంగతి ఎవరు చెప్పాలి? లాల్ అంటే అచ్చంగా ఎరుపే అనుకున్నాడు. ఆల్బమ్ వచ్చేసరికి పెళ్ళికూతురు బ్లాస్ట్ ఫర్నేస్ ముందు వరసగా రెండు షిఫ్టులు చేసి వచ్చినట్టుంది. పెళ్ళికొడుకు ఆ సెగకి కాస్త పక్కకి జరిగినట్టు కూడా నాకు కనిపించింది.

కస్తూరమ్మ స్టూడియో ముందు నిలబడి బజారంతా వినేట్టు అరిచింది. బలరామ్ సీడీ పట్టుకుని యూనిస్ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"మా సుదీప్ చేసింది పక్కన పెట్టి మొదట్నుంచీ చెయ్యి. ఈసారి తేడా వచ్చిందంటే నా పరువూ పోద్ది, నీ పనీ పోద్ది!"

చిక్కేమిటంటే, యూనిస్ మానిటర్ ముసలిదై ప్రతి బొమ్మకీ ఆకుపచ్చ పులుముతోంది. దాన్ని నమ్ముకుంటే మనస్వి ఈసారి ఏ రంగుకి తిరుగుతుందో చెప్పలేం. కొత్తది కొనక తప్పదు. చేతిలో ఉన్నది కొద్ది.

యూనిస్‌ని నా స్కూటర్ మీద సాక్చీ బజారులో రఘువీర్ కంప్యూటర్ షాపుకి తీసుకెళ్ళాను. అతనూ శ్రీకాకుళం వైపువాడే. అప్పుడప్పుడే ఊళ్ళోకి వచ్చిన సన్నటి మానిటర్ తెచ్చి ముందు పెట్టాడు.

"ఇదుగో చెల్లీ, గోడకి క్యాలెండర్‌లాగ ఆనించుకోవచ్చు. ఊరంతా ఇదే కొంతన్నారు."

యూనిస్ సంచిలోంచి ల్యాబ్‌లో బాగా వచ్చిన ఓ పెళ్ళికూతురి పాత ఫొటో తీసింది. దాని సీడీ కంప్యూటర్‌లో వేయించి, ఫొటోని తెర పక్కన పట్టుకుని చూసింది. తర్వాత నిలబడి చూసింది, కూర్చుని చూసింది, మోకాళ్ళ మీద వంగి చూసింది.

"ఏటమ్మా, కసరత్తు చేత్తన్నావా?"

"ఇలా రా అన్నా. నించుని చూడు. ఇప్పుడు కూకో. పిల్ల రంగు మారిందా?"

"మారితే ఏటి? కదలకుండా కూకో."

"నాను కదల్ను సరే. నా ఎనకాల నించునే కస్తూరమ్మ పిన్నికి ఎవరు చెప్తారు? ఆవిడికో పిల్ల, నాకో పిల్ల కనబడితే ఎవరి పెళ్ళి ఆల్బమ్ చెయ్యమంటావు?"

ఎటు నుంచి చూసినా రంగు మారని సన్న మానిటర్లు కూడా ఉన్నాయన్నాడు రఘువీర్. ధర విని నేను షాపులోంచి బయటికొచ్చి, గాలి పీల్చుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాను.

అప్పటికే యూనిస్ మూలకి పోయింది. అక్కడ ఏదో డ్రాయింగ్ ఆఫీసువాళ్ళు మార్పిడికి ఇచ్చేసిన పెద్ద డబ్బా మానిటర్ ఉంది. రఘువీర్ దాన్ని టీ గ్లాసు పెట్టుకునే బల్లగా వాడుతున్నాడు. యూనిస్ గ్లాసు తీసి అతని చేతిలో పెట్టి, తెర తుడిచి, స్విచ్ వేయించింది. అది బాగా వేడెక్కేదాకా ఆగి అదే ఫొటో పెట్టింది. మెట్టె మెరుపు, జడలో ఒక్కొక్క పాయ, చేతికున్న బొమ్మలో ఎలా ఉన్నాయో తెరలోనూ అలాగే ఉన్నాయి. నిలబడినా, వంగినా పెళ్ళికూతురు రంగు మారలేదు.

"ఇది ఇయ్యి."

"అది తుక్కమ్మా! చూసినోళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ అన్నా. నవ్వితే రంగు పోదు కదా."

దాన్ని వెనక సీటు మీద కట్టి, ఆమెని ఆటో ఎక్కించి నేను బయల్దేరాను. ఆ బరువుకి స్కూటర్ ముందు చక్రం గాల్లోకి లేచింది. బిర్సానగర్ దాకా ఒంటి చక్రం మీదే వచ్చాను. విమానాలు దిగే సోనారి వైపు తిరిగి ఉంటే అవి నాకు దారి ఇచ్చేవి.

పని పూర్తయిన రోజున బలరామ్, కస్తూరమ్మ, మనస్వి వచ్చారు.

"ఏటే ఇది? చవగ్గా వత్తే టీవీ కొన్నావా?" అన్నాడు బలరామ్.

యూనిస్ బొమ్మలు చూపించింది. ఎరుపు పోయింది. పెళ్ళికూతురి ముఖం రంగు తెర మీదా, తెర ముందు కూర్చున్న మనస్వి మీదా ఒక్కలాగే ఉంది. కస్తూరమ్మ వంగి చూసింది, ఓరగా చూసింది.

"బాగానే ఉన్నాది గానీ పాపా, ఇంకాస్త ఎర్రగా... అదేనే, తెల్లగా చెయ్యవా?"

"తప్పు పడిన రంగు సరిచేసేను పిన్నీ. పిల్లని మార్చను."

"అడిగింది చెయ్యవే!" బలరామ్ గొంతు పెంచాడు. "లేపోతే రేపట్నుంచి నా స్టూడియో పని నీకు లేదు."

"ఉంచుకో బాబాయ్ నీ పని."

అప్పుడు మనస్వి తల్లి చెయ్యి పట్టుకుని, "మమ్మీ, రహ్‌నే దో. ఉన్హోంనే దేఖ్ కే హీ షాదీ కీ హై" అంది. ఇక వదిలెయ్యమంటోంది, పెళ్ళికొడుకు తనని చూసే కదా చేసుకున్నాడంటోంది.

కస్తూరమ్మ కూతుర్ని చూసింది, తెరని చూసింది. చివరికి, "దాని మొగుడికి లేని బాధ నాకేటి? పంపించీ," అంది.

బలరామ్ ముఖం మాడిపోయింది. "ఈ ఆల్బమ్ మీద నా స్టూడియో పేరు ఉండకూడదు!"

"అంతే కదా," అని యూనిస్ చివరి పేజీ తెరిచి ఆ పేరు చెరిపేసింది. అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా తన పేరూ, కింద బిర్సానగర్ అనీ కొట్టింది. కుర్చీ కాస్త పక్కకి జరుపుకుని బలరామ్‌కి చోటిచ్చింది.

"స్పెల్లింగ్ సరిపోయిందేటో చూసి చెప్పు బాబాయ్. ల్యాబ్‌కి పంపేత్తాను."