మా అత్తను లేపొద్దన్నారు

మా అత్త నీళ్లు తాగడం మానేసిందని చాలా రోజుల వరకు నేను కనిపెట్టలేకపోయాను. పొద్దున టీ సగం తాగి వదిలేసేది. మధ్యాహ్నం అన్నంలోకి చారు వద్దనేది. పెదాలు పగిలిపోతున్నా చెంబు ముట్టుకునేది కాదు. ఒకరోజు గట్టిగా అడిగితే గోడవైపు తిరిగి, "తాగితే మళ్లీ నిన్ను పిలవాల గదే," అంది.

అదీ సంగతి. లెట్రిన్‌లో గొంతుక్కూర్చోవాలన్నా, కూర్చున్నాక లేవాలన్నా ఆవిడకు నేను కావాలి. రెండు చంకల కింద చేతులు వేసి దింపాలి, మొహం పక్కకు తిప్పుకుని నిలబడాలి, మళ్లీ ఎత్తాలి. ఆవిడ ఐదుగురిని కన్న మనిషి. లిటిల్ అండమాన్ దీవిలోని హట్‌బేలో చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగిన మనిషి. నా పెళ్లయిన కొత్తలో నేను ఎత్తలేని బిందెను తను చంకనెత్తుకుని, "మీయమ్మ నీకు తిండెట్టలేదేటే?" అని నవ్విన మనిషి. ఆ మనిషిని నేను ఎత్తుతుంటే కళ్లు గట్టిగా మూసుకునేది.

నడుముకు దెబ్బ తగిలింది సునామీ రోజునే. భూమి ఊగినప్పుడు అందరం ఇంట్లోంచి బయటికి వచ్చి ఇసుకలో నిలబడ్డాం. సముద్రం వెనక్కి పోయి, లేచి వచ్చింది. పరిగెత్తాం. మా అత్తను నీళ్లు ఎత్తి ఒక కొబ్బరి మొద్దు మీద పడేశాయి. మా ఆయన చీర చెంగు దొరకబుచ్చుకుని లాక్కొచ్చాడు. కొండ మీద రెండు రోజులు, ఆ తర్వాత ఓడ, ఆ తర్వాత పోర్ట్ బ్లెయిర్‌లో క్యాంపు, రేకుల షెడ్డు. మా ఆయనకు ఇక్కడే మజ్దూరుగా కూలి పని దొరికాక డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. మూడు ఇళ్లకు కలిపి పెరట్లో ఒకే లెట్రిన్.

మూడేళ్లలో పెద్దాసుపత్రిలో రెండుసార్లు ఎక్స్‌రే తీయించాం. రెండుసార్లూ, "హడ్డీ ఠీక్ హై, మాజీ," అన్నారు డాక్టర్లు. మాజీ అంటే అమ్మగారు అని. ఎముక బాగుంటే మరి నొప్పెడుతున్నది ఏమిటి? మాత్రలు అయ్యాయి, బెల్టు అయింది. రంగత్ ఊళ్లో ఎవరో నొప్పుల నూనె కాస్తారంటే మా ఆయన నాలుగు సీసాలు తెచ్చాడు. రోజూ రాసి పిసికేదాన్ని. చెయ్యి వేసిన చోటల్లా మా అత్త "ఓలమ్మో" అనేది. "నటనలే," అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. నీళ్లు మానేసి ఎండిపోతూ ఎవరైనా నటిస్తారా?

అదే ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ఉందని, మందు లేకుండా కసరత్తు చేయిస్తారని ఒక నర్సు చెబితే వెళ్లాం. కసరత్తు చేయించేది ఒక బెంగాలీ పిల్ల, ఈ దీవుల్లోనే పుట్టింది, మా పెద్దాడపడుచు కూతురంత ఉంటుంది. మేము మేడమ్ అనేవాళ్లం. ఆమెకు హిందీ, మా అత్తకు తెలుగు. మధ్యలో మూడో తరగతి చదివిన నేను. వంగమంది, తిరగమంది, కాలెత్తమంది. అన్నీ చూశాక, "మాజీకి అన్నిటికంటే ఏం కావాలి, అడుగు," అంది. నొప్పి పోవాలంటుందనుకున్నాను. మా అత్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఒక్కర్తినీ లెట్రిన్‌కెల్లాల. అది సెప్పు."

హిందీలో చెప్పడానికి నాకే సిగ్గేసింది. మేడమ్ నవ్వలేదు. కాగితం మీద రాసుకుంది.

"వంగితే నడుం ఇరిగిపోద్దని సెప్పవే," అంది మా అత్త. అప్పుడు మేడమ్ చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. "సునామీ తర్వాత భూమి కొంచెం ఊగినా మీరందరూ కొండ మీదికి పరిగెత్తేవారు కదా. ఎన్నిసార్లు నీళ్లొచ్చాయి? ఒక్కసారీ రాలేదు. అయినా పరిగెత్తడం మానలేదు. మాజీ నడుమూ అంతే. దెబ్బ ఎప్పుడో మానింది. కానీ కొంచెం వంగితే చాలు, మళ్లీ అదే వచ్చిందని కేకలేస్తోంది. నొప్పి అబద్ధం కాదు. నీళ్లు మాత్రం రావడం లేదు."

నేను తెలుగులో చెప్పాను. మా అత్త విని, "పరిగెట్టకుండా ఎలాగుంటాం? ఒకేళ వొస్తే?" అంది. మేడమ్‌కు చెబితే ఈసారి నవ్వింది.

కసరత్తు ఏమిటంటే, కూర్చోవడం, లేవడం. అంతే. రిలీఫులో మాకు కంబళ్లు ఇచ్చారు, ఏడు. చెమట కారే ఈ దీవుల్లో ఉన్ని కంబళ్లు ఎవరు కప్పుకుంటారు? మంచం కింద మూటగా పడి ఉండేవి. మేడమ్ వాటినే వాడమంది. పీట మీద ఏడూ మడతలు పెట్టి పేర్చాలి. దాని మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేవాలి, పూటకు పదిసార్లు. రెండు వారాలకు ఒక కంబళి తీసేయాలి. చివరికి ఉట్టి పీట, ఆ తర్వాత నేల. నొప్పి వస్తుంది, రానివ్వాలి, కాసేపు ఆగి మళ్లీ చేయాలి. ఇదంతా చెప్పి మేడమ్ నా వైపు వేలు చూపించింది. "దీదీ, ఇంట్లో కసరత్తు చేసేటప్పుడు నువ్వు లేపకూడదు. చేతులు కట్టుకుని నిలబడు. పడబోతే మాత్రమే పట్టుకో."

నిలబడటం అంత కష్టమని నాకు తెలియదు. మా అత్త సగం లేచి, తొడలు వణికి, "సచ్చిపోతన్నానే, ఒట్టుకోయే," అని నా మొహంలోకి చూసేది. నేను చేతులు కట్టుకుని ఉండేదాన్ని. వాకిట్లో పెట్టి చేయిస్తే పక్కింటావిడ అన్నం పళ్లెం పట్టుకుని చూడ్డానికి వచ్చేది.

"అత్తేమో సస్తాంది, కోడలేమో సినిమా సూసినట్టు సూస్తాంది. ఏం గుండె తల్లీ నీది!"

"డాక్టరమ్మ చెప్పిందక్కా."

"డాక్టరమ్మకి అత్తుందా?"

మా ఆయన ఒక సాయంత్రం పని నుంచి వచ్చి చూసి, "మాయమ్మ ఏడుస్తాంటే సూస్తా నిలబడ్డావా?" అని అరిచాడు. "అయితే రేపట్నించి లెట్రిన్‌కి నువ్వే తీసుకెళ్లు," అన్నాను. చొక్కా విప్పి స్నానానికి వెళ్లిపోయాడు.

కానీ నేను నిలబడలేకపోయాను. నిజం చెప్పాలి. నాలుగో రోజుకే ఎవరూ చూడకుండా అత్త మోచేతి కింద వేళ్లు వేయడం మొదలుపెట్టాను. కొంచెమే కదా అనుకున్నాను. కొంచెం కొంచెంగా చెయ్యి మొత్తం వేశాను. నెలన్నర తర్వాత వెళ్లినప్పుడు, "మూడు కంబళ్లు తీసేశాం మేడమ్," అని గొప్పగా చెప్పాను. ఆమె ఒక పొట్టి స్టూలు తెచ్చి మా అత్తను కూర్చోబెట్టింది. లేవమంది. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టింది.

మా అత్త లేవలేదు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి ఏడ్చేసింది.

"దీదీ, ఇన్నాళ్లూ లేచింది ఎవరు?" అని అడిగింది మేడమ్. కోపంగా కాదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

బస్సు దిగాక, నడుస్తూ, మా అత్త "నీ సెయ్యి నాకు తెలీలేదనుకున్నావా? నాకూ బాగుండేది. ఇద్దరం దొంగలమే," అంది.

మళ్లీ ఏడు కంబళ్ల దగ్గర నుంచి. ఈసారి చేతుల్ని నా వీపు వెనక కొంగుతో కట్టుకున్నాను. మా అత్త తిట్టని తిట్టు లేదు. మా పుట్టింటివాళ్లందరినీ వరుసగా తిట్టింది. కొన్ని రోజులు బాగా లేచేది, ఆ మర్నాడే అసలు కదల్లేకపోయేది. అలాంటి రోజున ఏం చేయాలో తెలియక వంటింట్లోకి వెళ్లి బియ్యం ఏరేదాన్ని, ఏరిన బియ్యమే మళ్లీ. వానాకాలం మొత్తం రెండు కంబళ్ల దగ్గరే ఆగిపోయి, వానలు వెలిశాక ఉట్టి పీట దాకా వచ్చింది. నొప్పి తగ్గిందా అంటే, పెద్దగా తగ్గలేదు. ఒక్కటే మారింది, నొప్పి వస్తే మధ్యలో ఆపి కూలబడటం పోయింది. పళ్లు బిగించి, ఊపిరి వదిలి, లేచేది.

ఒకరోజు కుళాయికి నీళ్లొచ్చాయి. వరుసలో నిలబడి రెండు డబ్బాలు నింపుకుని వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. పెరట్లో లెట్రిన్ తలుపు వేసి ఉంది. డబ్బాలు అక్కడే వదిలేసి పరిగెత్తాను.

"అత్తా!"

"ఏటే?" అని లోపలి నుంచి.

"రావాలా?"

"రాకు."

గడియ వేసుకుంది. లోపల పడితే ఎలా తీయాలి? పక్కింటావిడ కూడా వచ్చి నా పక్కన నిలబడింది. లోపల మూలుగు. ఆగింది. మళ్లీ మూలుగు. గోడ మీద అరచెయ్యి జారిన చప్పుడు. "అమ్మా" అంది, చిన్నపిల్లలా. నా రెండు చేతులూ తలుపు మీదే ఉన్నాయి. తోస్తే ఆ గడియ ఊడిపోయేదే. తోయలేదు. ఎంతసేపో తెలియదు.

తలుపు తెరుచుకుంది. మొహం నిండా చెమట, జాకెట్టు తడిసిపోయింది, ఒక చెయ్యి నడుం మీద.

"ఎలా ఉందత్తా?"

"ఎలాగుంటాది? సంపేస్తన్నాది." గుమ్మం పట్టుకుని ఒక కాలు బయటపెట్టింది. "అడ్డంగా నిలబడ్డావేటే, జరుగు."

జరిగాను.