రెండో బిందె నీళ్లు

ప్రొద్దుటూరు తాలూకా కచేరీ గుమాస్తా త్రివిక్రమరావుకు సంధ్యావందనం తరువాత మరొక నియమం ఉండేది. ప్రతి ఆదివారమూ పెట్టె కెమెరా మెడకు తగిలించుకుని తన వీధిని ఫోటోలు తీసేవాడు. పెళ్లివారిని కాదు, పెద్దమనుషులను అంతకన్నా కాదు; మగ్గంగుంతలో కూర్చున్న సాలెవారిని, గుర్రానికి లాడం కొట్టే జియావుల్లాను. ఈశ్వరుడు నిండిన లోకంలో చూడదగనిది ఏదీ లేదని ఆయన విశ్వాసం. ఫిల్ము తానే కడిగి, ఆరబెట్టి, రేకుపెట్టెలో దాచేవాడు. ఉద్యోగం విరమించాక అన్నీ కాగితం మీదికి ఎక్కించాలని సంకల్పం. ఆ పేరుగల దేవుడు మూడడుగులతో లోకాలను కొలిచాడు. ఈయన కోరినది ఒక్క వీధి.

వెయ్యిన్నీ తొమ్మిదివందల యాభైనాలుగు వేసవిలో పెన్న ఎండిపోయింది. ఆ ఆదివారం బండిచక్రానికి ఇనుపపట్టా బిగిస్తున్న ఓబులేసు కెమెరాను చూసి నవ్వాడు.

"నా మొగమెందుకు సామీ? చక్రం తీయి. అదన్నా గుండ్రంగా ఉండాది!"

ఆ నవ్వే ఫిల్ము మీద పడింది.

బొమ్మను నిలిపే హైపో మందులో ముంచిన ఫిల్మును, ఆ మందు పోయేదాకా కడగడానికి రెండు బిందెల నీళ్లు కావాలి. ఓబులేసు భార్య శివమ్మ ఏటి చెలమ నుండి తెచ్చి, ఒక బిందె దించి, రెండోదీ దించబోయింది.

"మీ ఇంట్లో నీళ్లుండాయా శివమ్మా?"

"యాడియి సామీ! చంటిది గొంతెండి ఏడుస్తాంది."

"అయితే అది మీ ఇంటికి తీసుకపో."

లోపలినుండి ఆయన భార్య కృష్ణవేణమ్మ అంది: "బొమ్మలకన్నా బిడ్డల గొంతు ముందని ఇన్నాళ్లకు తెలిసెనా!"

ఒక్క బిందెతోనే కడిగాడు. ఆరిన ఫిల్ము తేటగా కనిపించింది. చాలుననుకున్నాడు. తరువాతి వేసవులలోనూ అంతే చేశాడు.

తొమ్మిదేళ్లకు ఓబులేసు మూడునాళ్ల జ్వరంతో పోయాడు. శివమ్మ వచ్చి గడప వద్ద నిలబడింది.

"ఆ పొద్దు మా ఇంటాయన్ను బొమ్మ తీస్తివే సామీ, అది ఈయి. పదోదినానికి దీపం కాడ పెట్టుకుంటా. ఇంకో బొమ్మ యాడా ల్యా."

రేకుపెట్టె తెరిచి, ఫిల్మును వెలుగుకెదురుగా పట్టుకున్నాడు. కడగక మిగిలిన హైపో బొమ్మను తినివేసింది. చక్రం ఉంది, సుత్తి ఉంది. నవ్వు ఉండవలసిన చోట పసుపుపచ్చని మరక. మరొకటి తీశాడు, ఇంకొకటి తీశాడు. ఆ వేసవులలో తీసిన వీధి అంతా అలాగే పోయింది.

"మొగమేది సామీ?"

"పోయింది శివమ్మా. ఆ పొద్దు రెండో బిందె నేను పోయలేదు."

ఆమె ఆ మరక మీద వేలు పెట్టింది.

"ఆ నీళ్లు తాగిన బిడ్డా నిలవల్యా గదా సామీ," అంది.

అందులో నింద లేదు. ఉంటే ఆయనకు కొంత తేలికగా ఉండేది.

పదోదినాన ఓబులేసు దీపం పక్కన ఆ ఫిల్ము నుండి కాగితం మీదికి ఎక్కించిన బండిచక్రం బొమ్మ పెట్టారు.

మరుసటి ఆదివారం శివమ్మ అలవాటు ప్రకారం వచ్చి, త్రివిక్రమరావు ముంగిట రెండు బిందెలూ దించింది. ఆ వారం ఆయన కెమెరా ముట్టలేదు; కడగడానికి ఆయన వద్ద ఏమీ లేదు.