ఆకుపచ్చ షాంపూ సీసా

నిన్న సూపర్ మార్కెట్లో చవక షాంపూ కొనాలా, ఖరీదైనది కొనాలా అని తేల్చుకోలేక ఒక సీసా మూత తీసి వాసన చూశాను. యాపిల్ వాసన. వెంటనే ప్రేమలత గుర్తొచ్చింది.

మన ఈడు వాళ్లకు శనివారం తలంటు అంటే కుంకుడు రసం, కళ్లల్లో మంట, గుర్తుందా? అలాంటి రోజుల్లో మా మామ దుబాయ్ నుంచి ఆకుపచ్చ షాంపూ సీసా తెచ్చాడు. ఇక మా ఊరు మడికొండలో నా అంతటిది లేదు. పక్కింటి ప్రేమలత రోజూ ప్రాణం తీసేది.

"అక్కా, నాకు జర పొయ్యవా? చర్చికి పోవాలె."

సీసా ఖాళీ అయ్యాక అందులో బట్టల సబ్బుపొడి నీళ్లు కలిపి ఇచ్చాను. వాసన ఇంకా మిగిలే ఉంది.

ఆదివారం చర్చి మెట్ల మీద దాని జుట్టు కొబ్బరిపీచులా లేచి నిలబడింది. నేను ముందే చెప్పి ఉంచిన దోస్తులు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"మంచిగున్నయా అక్కా, నా ఎంటికెలు?"

"హీరోయిన్ లెక్కున్నవే."

అది మురిసిపోయి నా చెవిలో చెప్పింది. "సగం మా అమ్మకు దాసిన. ఆమె ఎన్నడు షాంపూ పెట్టుకోలే."

ఆ సాయంత్రం వాళ్లమ్మ తలంటుకుంటుంటే, నేను గోడ మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడ్డాను.