మిరప కల్లంలో గుడ్ ఫ్రైడే

మా చర్చి జూబిలీ పుస్తకం వచ్చింది. మంచి కాగితం, రంగుల ఫోటోలు. అందులో నా గురించి రెండు వాక్యాలు వేశారు. "ఆ సహోదరి పశ్చాత్తాపముతో కన్నీరు కార్చెను. తన అక్కను క్షమాపణ వేడుకొనెను." రెండూ తప్పే. ఎర్ర సిరాతో దిద్ది సంఘ కార్యదర్శి చేతికిచ్చాను. అతను నా అంగన్‌వాడీలో ఉప్మా తిని పెరిగినవాడే. "వచ్చే జూబిలీకి సరిచేద్దాంలెండి టీచరుగారూ" అన్నాడు. వచ్చే జూబిలీ అంటే ఎన్నేళ్ళకో అతనికి తెలుసు, నాకూ తెలుసు. అందుకే జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

మాది ప్రత్తిపాడు దగ్గర ఒక పాలెం. అక్కనీ నన్నూ ఆ పాలెంలోనే రెండు వీధుల్లో ఇచ్చారు. అక్కది పై వీధి, నాది కింది వీధి. చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద పడుకున్నవాళ్ళం, పెళ్ళయ్యాక కూడా ఒకరి కూర గిన్నె ఒకరింట్లో ఉండేది. ఆ ఏడు వానాకాలంలో పంచాయతీ ఎన్నికలు వచ్చి రెండు వీధులూ రెండు పార్టీలయ్యాయి. ఎవరు గెలిచిందీ తెలిసిన సాయంత్రం రాళ్ళు లేచాయి. మా ఆయన నుదురు చిట్లింది. ఆ రాయి ఎవరు వేశారో నాకు తెలుసు. ఇప్పుడాయన సంఘ పెద్ద కాబట్టి పేరు రాయడం లేదు. పాలెం మొత్తానికి ఆటో ఒక్క మా బావకే ఉండేది. నెత్తురు తుడిచిన కొంగుతోనే పరుగెత్తి వెళ్ళి, "అక్కా, గుంటూరు తీసుకెళ్ళాలి, బావని పంపవే" అన్నాను. అక్క గుమ్మంలోనే ఉంది. నా మొహం చూసింది. తలుపు వేసేసింది. గడియ పడిన చప్పుడు కూడా విన్నాను. మా ఆయన్ని సైకిలు మీద కూర్చోబెట్టి పెద్ద రోడ్డు దాకా నడిపించుకుంటూ పోయాను. ఆ దారిలో ఎన్ని గుంటలున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

తర్వాతి ఆదివారం మా వీధివాళ్ళు, గోడలకి రాళ్ళు మోసింది మా తాతలేనంటూ చర్చికి తాళం వేశారు. స్థలమిచ్చింది మా తాతలేనంటూ పై వీధివాళ్ళు దాని పక్కనే ఇంకో తాళం వేశారు. పాస్టరు అయ్యగారికి ఒక్క తాళంచెవీ మిగల్లేదు. క్రిస్మస్‌కి ఏ వీధి నక్షత్రం ఆ వీధి కట్టుకుంది. ఒక ముసలమ్మ పోతే సమాధి ప్రార్థన మూసిన తలుపు ముందు, రోడ్డు మీద చేశారు. అయ్యగారు రోజూ సైకిలేసుకుని రెండు వీధులకీ వచ్చేవారు. ఒకచోట టీ తాగితే రెండోచోట అలుగుతారని రెండుచోట్లా తాగి కడుపు పాడుచేసుకున్నారు తప్ప ఎవరి మనసూ మార్చలేకపోయారు.

ఇంత పౌరుషం ఉన్నా ఆడవాళ్ళమంతా ఒకే ఆసామి చేలోకి మిరపకాయల కోతకి పోయేవాళ్ళం. నాకప్పటికి అంగన్‌వాడీ ఉద్యోగం రాలేదు. నా సాలు పక్క సాలే అక్కది. నాతో మాట్లాడకూడదు కాబట్టి అక్క తన తట్టతో మాట్లాడేది. "ఏమే తట్టా, కొందరు తిండి మానేశారంట, మెడ ఎముకలు బయటపడ్డాయి" అనేది. నేను నా తట్టతో, "తలుపులేసుకునేవాళ్ళకి పరాయివాళ్ళ ఎముకలెందుకే" అనేదాన్ని. సాలు చివరికొచ్చేసరికి తట్టలు రెండూ నిండేవి. మా కడుపులు మాత్రం చల్లారేవి కావు.

గుడ్ ఫ్రైడే దగ్గరపడింది. ఆ రోజు ఆరాధన మానే ధైర్యం ఏ వీధికీ లేదు. అయ్యగారు ఆ ఆసామిని అడిగి కాయలు ఆరబెట్టే కల్లంలో చోటు ఇప్పించుకున్నారు. "చర్చికి తలుపుంది కాబట్టి తాళాలేశారు. కల్లానికి తలుపు లేదు. వచ్చి కూర్చోండి" అని ఇంటింటికీ చెప్పారు. అందరం వెళ్ళాం. మధ్యలో ఎర్రగా కాయల రాశి, దానికి అటు పై వీధి, ఇటు కింది వీధి. అయ్యగారిది వరి పొలాల ఊరు. మిట్టమధ్యాహ్నం గాలి లేస్తే మిరప కల్లం ఏమవుతుందో ఆయనకి తెలియదు. మాకందరికీ తెలుసు. అయినా నోరు విప్పితే అవతలి వీధికి కూడా మేలు చేసినట్టవుతుందని ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు ప్రసంగం యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద. మొదటి మాట క్షమాపణ గురించి. అయ్యగారు గొంతు సవరించుకోగానే సుడిగాలి లేచింది. రెండు వీధులూ ఒకేసారి దగ్గాయి. అక్కకి చిన్నప్పటి నుంచీ ఆయాసం. వంగిపోయి, ఊపిరందక నేల మీద చేతులు కొడుతోంది. బావ నీళ్ళ కోసం బోరు వైపు పరుగెత్తాడు. బోరు ఎంత దూరమో నాకు తెలుసు, నా పక్కన నీళ్ళ సీసా ఉంది. లేచి రాశి చుట్టూ తిరిగి వెళ్ళాను. అందరూ చూశారు. చూడనీ అనుకున్నాను. నీళ్ళు తాగించి, ఊపిరి అందేదాకా వీపు రాశాను. అప్పుడు, ఎనిమిది నెలలుగా దాచుకున్న మాట అడిగాను.

"తలుపెందుకేశావే?"

"నీ వెనకాల మీ వీధోళ్ళు కర్రలతో వస్తన్నారు. నా వెనకాల మీ బావ గొడ్డలి తీశాడు. తలుపు తీసుంటే మధ్యలో నువ్వుండేదానివి."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా."

"తట్టకి ఎన్నిసార్లు చెప్పానో. నీ తట్టకి చెవులు లేవు."

అని, పొద్దున్నే కాయలు కోసిన చేత్తో నా కళ్ళు తుడిచింది. తర్వాత నా కళ్ళ వెంట ధారగా కారినవాటికి కారణం ఆ చెయ్యి. క్షమాపణ నేను అడగలేదు, ప్రశ్న అడిగాను. ఇదే నేను ఎర్ర సిరాతో రాసిచ్చింది.

అయ్యగారికీ కళ్ళు కనపడటం లేదు. మమ్మల్నిద్దర్నీ అలా చూసి ఆత్మ దిగివచ్చిందనుకుని మోకరించారు. కల్లమంతా మోకరించింది. బావ బోరు నీళ్ళ చెంబుతో తిరిగొచ్చి, ఏం జరిగిందో తెలియక, ఆ చెంబు మా ఆయనకిచ్చాడు. మా ఆయన తాగాడు. గొడ్డలి సంగతి బావ ఇప్పటికీ ఒప్పుకోడు. అట్నుంచటే అందరం చర్చికి నడిచాం. పై వీధి తాళం తీశారు. మా తాళం దగ్గర మా ఆయన మొలతాడు తడుముకుని, "చెవి మొదటి నెలలోనే పోయింది" అన్నాడు మెల్లగా. అంటే అన్నాళ్ళూ మేమే తీయలేని తాళానికి మేం కాపలా కాశామన్నమాట. గునపంతో పగలగొట్టారు. మంచి తాళం. మళ్ళీ కొనిచ్చినవాడు లేడు.

పుస్తకం అక్కకి చూపించాను. ఇప్పుడు చర్చిలో నా పక్కనే కూర్చుంటుంది. "ఉండనియ్యవే. ఇద్దరం ఏడ్చాంగా" అంది. నేను ఏడవలేదన్నాను. "సరేలే" అంది, ఆ సరేలే నాకు నచ్చలేదు.

ఆ కల్లం ఇప్పుడు ఇళ్ళ ప్లాట్లు. చర్చికి ఫ్యాన్లు, నున్నటి టైల్సు వచ్చాయి. ఈ ఏడు గుడ్ ఫ్రైడే రోజు మొదటి మాట మొదలవగానే నా కళ్ళు మండాయి. అక్క నా వైపు తిరక్కుండానే చెయ్యి చాపి తుడిచింది. ఆమె చేలోకి పోవడం మానేసి చాలా ఏళ్ళయింది, ఆ చేతికి సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. కాలం కల్లాన్నీ తీసుకుపోయింది, కాయల్నీ తీసుకుపోయింది, నా కన్నీళ్ళకి నెపం వేయడానికి ఇక ఏమీ మిగల్చలేదు.