ఈ అప్పు నాది కాదండి

మా ధవళేశ్వరంలో ఎవరైనా ‘స్కోరెంత?’ అని అడిగితే అది క్రికెట్ గురించే అయిన రోజులవి. మనిషికి కూడా ఒక స్కోరు ఉంటుందనీ, మనం హాయిగా నిద్రపోతున్నా అది మన వెనకాల దిగజారిపోతూ ఉంటుందనీ నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదనుకోండి. ఇంజనీరింగ్ కోసం చదువు అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు గుమాస్తాగారు “చదువయ్యాక ఏడాది, లేదా ఉద్యోగం వచ్చేదాకా, ఏది ముందైతే అప్పట్నుంచి కట్టాలి బాబూ” అన్నారు. అందులో ‘ఉద్యోగం వచ్చేదాకా’ అన్న ముక్క మాత్రం నా చెవికి ఎక్కింది. చదువయ్యింది, ఉద్యోగం రాలేదు. రాలేదు గనక కట్టనక్కర్లేదని నేను నిండు మనసుతో నమ్మాను. ఈలోగా మేం క్వార్టరు మారాం, చవగ్గా నెట్ వస్తుందని నేను సిమ్ము మార్చాను. బ్యాంకువాళ్ళు పాపం ఎక్కడెక్కడ వెతికారో!

మా నాన్న ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. చెయ్యిచాచి ఎరగని మనిషి. నా అప్పు కాయితాల మీద సంతకం కూడా చెయ్యనన్నారు. “అప్పు చేసి చదివితే ఆ చదువు అప్పిచ్చినవాడిది అవుతుంది గానీ మనది కాదు” అని కూర్చున్నారు. చివరికి అమ్మ చేసింది సంతకం.

కొన్నేళ్ళు పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ, పోటీ పరీక్షలు రాసుకుంటూ గడిపాక, ఒక ప్రభుత్వ బ్యాంకులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అమ్మ ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి వీధంతా పంచింది. ఆ తీపి నోట్లో ఉండగానే నియామకపు ఉత్తర్వు పూర్తిగా చదివాను. చేరబోయేవాళ్ళకి ఏ బ్యాంకులోనూ ఎగ్గొట్టిన అప్పు ఉండకూడదట. ఉంటే చేరేనాటికి బాకీ లేదని ఉత్తరం తేవాలట. నెట్ సెంటరుకి పరిగెత్తి నా క్రెడిట్ రిపోర్టు తీయించాను. అర్ధచంద్రాకారంలో ఒక బొమ్మ, దాని మీద ముల్లు. మా నాన్న స్కూటర్లో పెట్రోలు అయిపోయినప్పుడు ఉండే చోట ఉంది ఆ ముల్లు. అప్పు తీరాలంటే ఉద్యోగం కావాలి, ఉద్యోగంలో చేరాలంటే అప్పు తీరాలి.

అమ్మకి మాత్రం ఒక దారి తోచింది. ఆదివారం చర్చి ఆరాధనలో ప్రార్థన మనవుల సమయంలో లేచి నిలబడి, “అయ్యగారూ, మా అబ్బాయి స్కోరు పడిపోయిందండి” అంది. నేను బల్ల కింద దూరిపోదామనుకున్నాను. అయ్యగారికి స్కోరంటే ఏంటో తెలిసినట్టు లేదు, అయినా జంకలేదు. “ప్రభువా, ఈ బిడ్డ యొక్క స్కోరును నీ పాదముల చెంత ఉంచుచున్నాము. పడిపోయిన దానిని లేవనెత్తుము తండ్రీ!” అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది. మర్నాటి నుంచి టీ కొట్టు దగ్గరా, పడవల రేవు దగ్గరా, మతంతో పని లేకుండా అందరూ నన్ను ఆపి, “ఏం తమ్ముడూ, లేచిందా?” అని అడగడమే. (వాళ్ళది నిజమైన సానుభూతే. అదే ఎక్కువ బాధ.)

ఆ సిగ్గులోనే నేను రాజమండ్రిలో స్కోరు డాక్టరు అనే ఆయన దగ్గరికి వెళ్ళాను. సెల్‌ఫోన్ల కొట్టు మీద చిన్న గది, గోడకి పచ్చటి ముల్లున్న పెద్ద బొమ్మ. “ఏం బెంగెట్టుకోకండి, నెల తిరక్కుండా కడిగేస్తాను” అని ఫీజు పుచ్చుకున్నాడు. ఎలా కడుగుతాడని నేను అడగలేదు. వారం తిరక్కుండా అప్పిచ్చిన బ్యాంకు మేనేజరు మేడంగారు కబురంపారు. వెళ్ళేసరికి ఆవిడ ముందు నా పాత ఫైలు తెరిచి ఉంది.

“ఈ అప్పు నీది కాదని ఫిర్యాదు పెట్టావంటయ్యా?”

“నేనాండి?”

“నీ పేరుతోనే వచ్చింది, నీ కొత్త నంబరుతో సహా. నీదే కాదంట, ఎవరో నీ పేరు వాడుకున్నారంట. మరి ఈ ఫొటోలో ఉన్నదెవరు?”

చూద్దును కదా, నూనె కారుతున్న తలతో, అప్పుడే మొలుస్తున్న మీసంతో, అమ్మ పక్కన బిగుసుకుపోయి నేనే! స్కోరు డాక్టరు కడగడమంటే ఇదన్నమాట. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మేడంగారు మంచినీళ్ళు తెప్పించి, గొంతు తగ్గించారు. “చూడు బాబూ, కొంత కట్టి రాజీ చేసుకుంటే మేం ఒప్పుకుంటాం. కానీ రాజీ అని రిపోర్టులో ఏళ్ళతరబడి మచ్చలా ఉండిపోద్ది. పూర్తిగా కట్టేవనుకో, తీరిందని రాస్తాం. కడిగేవాళ్ళెవరూ ఉండరు, కట్టేవాళ్ళే.”

ఇంటికొచ్చి నాన్నకి అంతా చెప్పాను. ఆయన చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళి తన పీఎఫ్‌లోంచి డబ్బు కోసం అర్జీ పెట్టుకున్నారు. తన డబ్బు తను తీసుకోవడానికి ఆయన పడ్డ సిగ్గు, నేను ఎగ్గొట్టినందుకు కూడా పడలేదు. ఆ అర్జీ ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి నడిచింది, ఒక సంతకందారు సెలవులో ఉన్నారు, ఇంకొకరు బదిలీ అయ్యారు. నేను కొత్త బ్యాంకుని బతిమాలి గడువు పొడిగించుకున్నాను. ఆ గడువూ దాటింది. మేం పూర్తిగా కట్టి, బాకీ లేదన్న ఉత్తరం చేతిలో పట్టుకునేటప్పటికి నా కుర్చీలో వెయిటింగ్ లిస్టులోని ఎవరో కూర్చున్నారు.

ఆ రోజు ఆనకట్ట రోడ్డు మీద నాన్న స్కూటరు ఆపారు. నదిలో నీళ్ళు ఎర్రగా పొంగి పారుతున్నాయి. నన్ను తిడతారనుకున్నాను. “ఉద్యోగం పోయిందని ఏడవకు. నువ్వు ఏడుస్తుంటే అమ్మ ఇంకో మనవి పెడుతుంది చర్చిలో” అన్నారు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను ఏడ్చాను, ఆయన నదివైపు తిరిగి కూర్చున్నారు.

తర్వాత రామచంద్రపురంలో ఒక రైసుమిల్లులో లెక్కలు రాయడానికి చేరాను. చేరాక తెలిసింది, అప్పు తీరినంత మాత్రాన ముల్లు లేవదు. మళ్ళీ అప్పు చేసి, బుద్ధిగా తీరుస్తూ చూపించాలి. కొంచెం డబ్బు డిపాజిట్ వేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకున్నాను. దాంతో పెట్రోలు పోయించుకోవడం, బిల్లు రాగానే కట్టెయ్యడం. “చేతిలో డబ్బులుండగా అప్పేంటిరా?” అన్నారు నాన్న హడలిపోయి. నమ్మకం కోసం అన్నాను. “అసలు అప్పే చెయ్యని నన్ను వాళ్ళు ఎంత నమ్ముతారో చూడు” అంటే ఆయనదీ తీసి చూశాను. మైనస్ ఒకటి! చరిత్ర లేదని దాని అర్థమట. జీవితంలో మొదటిసారి ఆయన నాకన్నా తక్కువ మార్కులు తెచ్చుకుని, ఆ పూటంతా ముభావంగా ఉన్నారు.

చాలాకాలం పట్టింది గానీ, ఒక మధ్యాహ్నం మిల్లులో ధాన్యం లారీ దిగుతుండగా ఫోన్లో చూస్తే ముల్లు పచ్చరంగులోకి వచ్చింది. అప్పటికి నాకు ఏ అప్పుతోనూ పనిలేదు, బ్యాంకు పరీక్షల వయసూ దాటిపోయింది. అయినా ఉండబట్టలేక నాన్నకి ఫోన్ చేశాను.

“ఎంతొచ్చింది?”

“ఏడువందల ఎనభై నాన్నా.”

“ఎంతకి?”

“తొమ్మిది వందలకి.”

ఆయన కాసేపు లెక్క వేసుకున్నారు. “ఫస్టు క్లాసే. కాస్త ముందు చదువుకోవాల్సింది” అని ఫోన్ పెట్టేశారు. లారీ డ్రైవరు నన్ను చూసి “ఏంటండి, ఒక్కరే నవ్వుకుంటున్నారు?” అన్నాడు. “పరీక్ష పాసయ్యానండి” అన్నాను. జుట్టు నెరుస్తున్న నన్ను ఎగాదిగా చూసి, పాపం, ఏ పరీక్షని అడగలేదు.