వేలు ఆన్చుకునే చోటు

గొంతు ఆపరేషన్ అయ్యాక కొంతకాలం మా అప్ప మాట నా జేబులో మోగేది. అప్ప అంటే అక్క. మా చోడవరం వైపు అలాగే అంటాం. ఎదురుగా మంచం మీద కూర్చుని నన్నే చూస్తుండేది. కొంగు కింద బొటనవేళ్ళు టకటకా కదిలేవి. కాసేపటికి నా చొక్కా జేబులో టింగుమనేది. తీసి చూస్తే, "ఒరే, కూరలో ఉప్పు లేదని నీ పెళ్ళానికి సెప్పు. నాను సెప్తే గొడవ." నా భార్య ఆ పక్కనే వడ్డిస్తూ ఉండేది. నేను చదివి, ఫోను మళ్ళీ జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు తినేవాణ్ణి. అప్ప చూపు మాత్రం నా మొహం మీంచి కదిలేది కాదు. సగం మాట ఆ చూపులోనే ఉండేది. ఉప్పు సంగతి చెప్పేదాకా నాకు ముద్ద దిగనిచ్చేది కాదు.

ఆవిడది వడ్డాది దగ్గర పల్లె, చెరకు వ్యవసాయం. గట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే బెల్లం పాక దగ్గరున్న బావకి వినబడేది. బావ పోయాక కూలీలనీ, ఫ్యాక్టరీకి చెరకు తోలే ట్రాక్టరు వాళ్ళనీ ఆ నోటితోనే నడిపింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అప్ప నోరు మంచిదని ఎవరూ అనగా నేను వినలేదు గానీ, ఊరు మాత్రం ఆ మాట వినేది. అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, ప్రాణం కావాలంటే గొంతు వదులుకోవాలన్నారు. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద కొంగు, అంతే మిగిలింది. భూమి కౌలుకిచ్చేసి మా ఇంటికి తెచ్చేసుకున్నాం.

మొదట పలక కొనిచ్చాను. అది రాసి తిప్పి చూపించేసరికి మాట ఎక్కడికో వెళ్ళిపోయేది. సగం రాయగానే అవతలివాళ్ళు తొంగి చూసి, మిగతాది వాళ్ళే ఊహించేసుకుని జవాబు చెప్పేసేవారు. చూస్తే, ఎప్పుడూ తప్పే. ఒకరోజు పలకని గోడకేసి కొట్టింది. నేను ముక్కలు ఏరుతుంటే నాకూ ఒళ్ళు మండింది. ఆపరేషన్ చేయించింది నేను, మందులు తెస్తున్నది నేను, చీవాట్లు తినేదీ నేనే. ఆ కోపంలోనే బీరువా సర్దుతుంటే నా పాత ఫోను చేతికి తగిలింది. సగం తెర, సగం మీటలు. టైపు మిషను మీదున్న అక్షరాలన్నీ అదే వరసలో, చిక్కుడు గింజలంతేసి మీటల మీద ఉన్నాయి.

టైపే నా బతుకు. రిజిస్ట్రారాఫీసు ఎదురు కొట్లో దస్తావేజులు టైపు చేస్తూ తల నెరిసింది. కుర్రప్పుడు ఇక్కడే ఇనిస్టిట్యూట్లో నేర్చుకున్నాను. మా మాస్టారికి అక్షరాలు చూసి కొట్టేవాడంటే పరమ అసహ్యం. తన భుజం మీది తువ్వాలు తీసి మన చేతుల మీద కప్పేసేవారు. వేళ్ళు ముందు ఎఫ్ మీదా, జె మీదా ఆన్చాలి. ఆ రెంటి మీదా చిన్న బుడిపెలుంటాయి. అవి దొరికితే మిగతా అక్షరాలన్నీ చీకట్లో మన ఇంట్లో నడిచినట్టే. చూపు కాగితం మీదే ఉండాలి.

అప్పకీ అలాగే నేర్పాను. ఏడో తరగతి చదువు, ఏబీసీడీలు వచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం మా ఇంట్లో అందరికీ అలవాటే. ఫోను చేతికిచ్చి, మీద తువ్వాలు కప్పి, నేను అక్షరాలు చెప్తూ కూర్చునేవాణ్ణి. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్. తప్పు కొడితే మా మాస్టారిలాగే కసిరేవాణ్ణి. కొన్ని వారాలకి నా జేబు మోగింది. "నీ మేస్టారు నయం. నువ్వు మరీ కసురుతన్నావు."

ఆ తర్వాత ఇంక ఆగలేదు. కొట్లో ఉంటే మెసేజి, బజారులో ఉంటే మెసేజి. పాలవాడితో పోట్లాడాలంటే నన్ను పక్కన నిలబెట్టుకునేది. పాలవాడి కళ్ళలోకి చూస్తూ కొంగు కింద కొట్టేది, నేను పైకి చదివేవాణ్ణి. పాలవాడు నాకు కాదు, ఆవిడకే జవాబు చెప్పేవాడు, అదీ నీళ్ళు నములుతూ. ఒకసారి విసుగొచ్చి, "అప్పా, రోడ్డు మీద నువ్వు నిలబడ్డం దేనికి, ఇంట్లోంచే మెసేజి పెట్టీ, నాను సదివి సెప్పేస్తాను గదా" అన్నాను. చురుగ్గా చూసింది. "మొకం సూడకుండా సెప్తే అది మాట కాదురా. కబురు."

వస్తువుకి ఆయుష్షుంటుంది. ముందు మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి. ఆవిడకి అక్షరాలతో పని లేదు కాబట్టి అది లెక్క కాలేదు. తర్వాత కింది రబ్బరు చిరిగి కొన్ని మీటలు పలకడం మానేశాయి. చివరికి ఏ అనే అక్షరం పోయింది. ఏ లేకుండా తెలుగు కొట్టి చూడండి, అమ్మ అనడానికి కూడా ఉండదు.

మెయిన్ రోడ్డులో సెల్ షాపుకి తీసుకెళ్ళాను. ఆ అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, తవ్వకాల్లో దొరికినదాన్ని చూసినట్టు చూశాడు. "ఇలాటివి ఎక్కడొస్తన్నాయి మేస్టారూ? కంపెనీయే ఆపీసింది. పార్టులుండవు. టచ్ ఫోను తీస్కోండి, సంటి గుంటలే వాడేస్తన్నారు." అనకాపల్లిలోనూ అదే మాట, విశాఖపట్నంలోనూ అదే మాట. అంకెల మీటలున్న చిన్న ఫోను కూడా కొని చూశాను. ఒక్కో అక్షరానికి ఒకే మీటని రెండేసి మూడేసి సార్లు నొక్కాలి. ఒక వాక్యం అయ్యేసరికి పాలవాడు పక్క వీధికి వెళ్ళిపోయేవాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నది ఎవడో గానీ, వాడికి పాతదానితో అవసరం పడి ఉండదు.

చివరికి టచ్ ఫోనే కొన్నాను. పెద్దది, మంచిది. అప్ప దాన్ని కొంగు కింద పెట్టుకుని, అలవాటు ప్రకారం నా మొహం చూస్తూ కొట్టింది. నా జేబు మోగింది. తీసి చూస్తే పిచ్చుక గూడు చెదిరినట్టు అక్షరాలు, ఒక్క మాట లేదు. అద్దానికి బుడిపెలెక్కడివి? వేలు ఎక్కడుందో వేలికి తెలియాలంటే ఏదో ఒకటి తగలాలి కదా.

అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. టైపు నేర్చుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ రాదు ఇలాంటి తెలివి. నా భార్య స్టిక్కరు బొట్ల అట్ట తీసుకుని, చిన్న ఎర్రబొట్లు రెండు వలిచి, తెర మీద ఎఫ్ వచ్చే చోట ఒకటీ, జె వచ్చే చోట ఒకటీ అంటించాను. వేలికి బాగానే తగిలాయి. అప్ప రెండు బొటనవేళ్ళూ వాటి మీద ఆన్చి, నా వైపు చూసి తలూపింది. కొట్టి పంపింది, నా జేబు మోగింది. తీసి చూస్తే ఎఫ్ ఎఫ్ ఎఫ్, జె జె జె, వరసగా.

అక్కడ తెలిసింది నాకు తేడా. మీట మీద వేలు ఆన్చుకోవచ్చు. నువ్వు నొక్కేదాకా అది ఊరుకుంటుంది. అద్దం ఊరుకోదు, తగిలితే చాలు మాటైపోతుంది. మెసేజి మూసేస్తే మీటలే మాయమవుతాయి, బొట్లు మిగులుతాయి. తెర మీద బావ నిలువు ఫోటో పెట్టుకుంది అప్ప. ఆయన పంచె మీద రెండు ఎర్రబొట్లు! అది చూసి చాలా రోజులకి నవ్వింది, శబ్దం లేకుండా భుజాలు కదిలిపోయేలా. తర్వాత గోటితో బొట్లు గీకేసింది.

కొట్టింది పైకి చదివే ఏర్పాటు ఒకటుందని సెల్ షాపు అబ్బాయి పెట్టిచ్చాడు. వార్తలు చదివే అమ్మాయి గొంతు. అప్ప "ఒరే, కాఫీ" అని కొడితే ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా "ఒరే, కాఫీ" అంది. అప్ప ఫోను బోర్లా పెట్టేసింది.

ఇంక కిందికి చూసి కొట్టడమే మిగిలింది. కళ్ళజోడు పెట్టుకుని, మెడ వంచి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేది. మాకు ఆవిడ పాపిడి తప్ప మొహం కనపడేది కాదు. తలెత్తేసరికి నేను చొక్కా తొడుక్కుంటూనో, నా భార్య పొయ్యి దగ్గరో ఉండేవాళ్ళం. నాకూ అంత ఓపిక లేకపోయింది, నిజం చెప్పాలంటే. ఇప్పుడు దస్తావేజుల పనీ అంతా అద్దాల మీదే అయింది. ఈ నంబరొచ్చిందా, ఆ ఓటీపీ వచ్చిందా అని వచ్చినవాళ్ళ ఫోన్లన్నీ నేనే నొక్కిపెట్టాలి. సాయంత్రానికి కళ్ళు ఇసక పోసినట్టుండేవి. ఇంటికొస్తే మరో అద్దం.

ఒక సాయంత్రం నా భార్య గిన్నెలు తోముతూ అంది. "ఏవండీ, ఒదిన మాటాడ్డం మానీసేరు. సూసేరా?"

"గొంతు తీసేసి ఎన్నాళ్ళయింది, ఇప్పుడు కొత్తగా మానీడవేటి?" అన్నాను.

"అప్పుడు మానలేదండి. ఇప్పుడు మానీసేరు. కూరలో ఉప్పెక్కువైనా ఊరుకుంటన్నారు."

ఆ మాటకి నాకు భయమేసింది. ఒక్క మనిషికి రెండుసార్లు గొంతు పోవడం అప్పటిదాకా నేను ఎరగను. మొదటిసారి డాక్టర్లు తీశారు, ప్రాణం దక్కింది. ఈసారి ఏం దక్కుతుందో తెలియదు. మధ్యాహ్నాలు గోడవైపు తిరిగి పడుకోవడం మొదలెట్టింది. పాలవాడు నీళ్ళ పాలు పోసినా బయటికి రాలేదు.

ఆ నెలలోనే చెకప్‌కి విశాఖపట్నం తీసుకెళ్ళాను. డాక్టరుగారు మెడ చూసి, "మింగేటప్పుడు నొప్పుందా అమ్మా?" అని అడిగారు. అప్ప కళ్ళజోడు పెట్టుకుని ఫోను మీదికి వంగింది. తలుపు బయట జనం కిటకిటలాడుతున్నారు. డాక్టరుగారు గడియారం చూసుకుని నా వైపు తిరిగారు. "మీరు చెప్పండి. నొప్పి అంటోందా?" ఆయన తప్పేం లేదు. నేను చెప్పాను, నాకు తెలిసినంత. తిరిగి చూస్తే అప్ప ఫోను సంచీలో పెట్టేసుకుంటోంది. ఏం కొట్టిందో నేను అడగలేదు.

తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. సీటు దొరకడమే గొప్ప. బస్సు గతుకుల్లో ఎగురుతోంది. సబ్బవరం ఇంకా రాలేదు. కిటికీ చువ్వకి తల ఆన్చి కళ్ళు మూసుకోబోయాను. అప్ప నా చెయ్యి పట్టుకుని లాగింది. డబ్బులు కావాలేమో, మంచినీళ్ళేమో అనుకున్నాను. కాదు, నా అరచెయ్యి విప్పి తన ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. తన రెండు బొటనవేళ్ళూ అరచేతిలో చెరోవైపు ఆన్చి, అలాగే ఉంచి, నా మొహంలోకి చూసింది.

మొదట అర్థం కాలేదు. బొటనవేళ్ళు కదిలాయి. ఎడమ చివర ఒక నొక్కు, దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి, ఇంకొకటి. నా చేతికి తెలిసిపోయింది. ఏ, ఎస్, డి, ఎఫ్. ఇన్నేళ్ళు నా వేళ్ళు మిషను మీద నడిచాయి గానీ, నా మీద ఎవరూ టైపు కొట్టలేదు. పై వరస నా వేళ్ళ మొదళ్ళలో, కింది వరస మణికట్టు దగ్గర. నేను తలూపాను.

అప్పుడు మెల్లగా, ఒక్కో అక్షరం గట్టిగా నొక్కుతూ కొట్టింది. బస్సు కుదుపుకి తప్పిపోతే అరచేతిని తుడిచేసి మళ్ళీ మొదలెట్టేది. కళ్ళు మాత్రం నా మొహం మీంచి తీయలేదు. కళ్ళకింది నలుపు, గడ్డం, పీక్కుపోయిన దవడలు, అన్నీ ఒక్కొక్కటే చూస్తోంది. అద్దం ఫోను వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నన్ను అలా చూడలేదు. మాట పూర్తయ్యింది.

"అలిసిపోయేవురా."

నోరున్నవాణ్ణి, గొంతున్నవాణ్ణి, మొహం కిటికీ వైపు తిప్పుకోబోయాను. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది. అప్ప నా చెయ్యి వదల్లేదు, చూపూ తిప్పుకోలేదు, చెప్పమన్నట్టు కూర్చుంది.

"అవునప్పా," అన్నాను. "శానా అలిసిపోయేను."

అంతవరకు ఆ మాట ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్ళు లేరు.