అత్తమ్మ పాస్ చేసిన పుస్తకాలు

పోయిన నెలలో ఒక మంగళవారం ఉదయం మా అత్తమ్మ పోయింది. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, పుస్తకం పట్టుకుని కుర్చీలో కూర్చుంది. నేను పప్పుకు పోపు వేసి వచ్చేసరికి అంతా అయిపోయింది. డెబ్బై దాటిన మనిషి ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్ళిందని చిల్కానగర్‌లో మా వీధంతా మెచ్చుకుంది. నాకు మాత్రం కోపం వచ్చింది. మంచు సముద్రంలో ఇరుక్కున్న ఓడ కథ ఆమెకు ఇంకా ముప్పై పేజీలు మిగిలే ఉంది. ఏదీ సగంలో వదిలే మనిషి కాదు.

ఆమె నాచారంలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసింది. మాత్రల పెట్టెల మీద అచ్చు సరిగ్గా పడిందో లేదో చూసి పాస్ చేయడం ఆమె పని. నేను ఆ ఇంటికి కోడలిగా రెండు అట్టపెట్టెల పుస్తకాలతో వచ్చాను. ఆరేళ్ళ పాటు ఆమె వాటి దుమ్ము దులిపింది, నేను ఆమె వండింది తిన్నాను. అంతకు మించి మా మధ్య పెద్దగా మాటలు లేవు.

రిటైరైన వారానికే ఆమెకు విసుగు పుట్టింది. "చేతులు గుంజుతున్నయ్ బిడ్డా. చెక్ చేసేటియి ఏమన్నుంటే ఇయ్యి" అంది. నవ్వులాటకి ఒక చరిత్ర పుస్తకం చేతిలో పెట్టాను. ఐదో తరగతి చదువు, కొత్తగా ఆపరేషనైన కళ్ళు. నెల తర్వాత తిరిగి ఇచ్చింది. ప్రతి పేజీ కింద పెన్సిల్‌తో చిన్న టిక్కు, ఒక్క పేజీకి తప్ప.

"రాజు గెలిచిండు, సరే. గంతమంది సిపాయిలకు అన్నమెవరు వండిన్రు? గది రాయనే లేదు. అందుకే పాస్ చెయ్యలే."

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలకు కరువు లేదు. మే నెల ఎండలో కరెంటు పోయి మేమందరం విసనకర్రలు ఊపుకుంటుంటే, మంచుకొండల యాత్ర చదువుతూ "జర చెద్దరియ్యి బిడ్డా, సలిబెడుతుంది" అనేది. జీవితంలో పైకి రావడం ఎలాగో చెప్పే పుస్తకాన్ని మాత్రం చీల్చి చెండాడింది. "పొద్దుగాల ఐదింటికి లేస్తే గొప్పోళ్ళమైతమంట! ముప్పై ఏండ్లు నాలుగింటికే లేసిన. నాకోసం ఒక్క బస్సన్న ఆగిందా?" అయినా అందులో రోజుకొక కొత్త పని చేయమన్న మాట నచ్చిందట. చెప్పాపెట్టకుండా ఉప్పల్‌లో మెట్రో ఎక్కి చివరిదాకా వెళ్ళి, దిగకుండా అదే రైల్లో తిరిగొచ్చింది. "మస్తుంది. మొత్తం ఊరిని పైకెంచి సూసిన" అని వారం రోజులు ఆ యాత్ర గురించే చెప్పింది.

కవిత్వం దగ్గరే తిరకాసు వచ్చింది. ఒక కవితల పుస్తకాన్ని రెండు నిమిషాలు తిప్పి పక్కన పెట్టేసింది. "ఇది డ్యామేజీ పీసు. సగం సగమే అచ్చు పడ్డది. వాపసిచ్చి రా" అంది. నేను నవ్వాపుకుని, పక్కన కూర్చుని ఒకటి చదివి వినిపించాను. "ఇంకోటి సదువు" అంది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. పెళ్ళికి ముందు నేను కవితలు రాసేదాన్ని. ఎవరికీ చూపలేదు, చూపితే నవ్వుతారని భయం. రాసిన నోటుబుక్కు అట్టపెట్టెలో అడుగున పడేసి, రాయడం మానేశాను. అది ఆమె చేతికి చిక్కింది. రోజూ నేను రాసిచ్చే సరుకుల చీటీ చూసే మనిషికి నా చేతిరాత తెలియదా? కానీ ఏమీ ఎరగనట్టే అడిగింది.

"ఈమె మంచిగ రాస్తది. దీని తర్వాతిది యాడుంది?"

"ఆమె రాయడం మానేసింది అత్తమ్మా."

"ఎందుకు? చేతికేమన్నయిందా?"

"ఎవరు చదువుతారని మానేసిందట."

కళ్ళద్దాలు తీసి నా వైపు చూసింది. "నేను సదివిన గద. నేను మనిషిని గానా?"

మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. "ఆమె కొత్తది ఏమన్న రాసిందా?" అని ఆమె అడిగేది, "కనుక్కుంటా" అని నేను అనేదాన్ని. రాసిన కాగితం ఆమె దిండు కింద పెట్టేదాన్ని. రాసింది నువ్వేనని ఆమె అనలేదు, నేనేనని నేను చెప్పలేదు. ఇంతకంటే మర్యాదగా నన్నెవరూ ప్రోత్సహించలేదు. ఆ ఒక్క పాఠకురాలు కూడా ఇప్పుడు లేదు, ఇంకెవరి కోసం రాయాలని ఆ పది రోజులూ కుమిలిపోయాను.

దినాల నాడు నాచారం కంపెనీలో ఆమె దగ్గర పని నేర్చుకున్న స్నేహితురాళ్ళు ఎనిమిది మంది డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. శనివారం శనివారం ఆమె వాళ్ళ దగ్గరికి కబుర్లకు వెళ్ళేదని నాకు తెలుసు. పెరుగు వడ్డిస్తుంటే ఒకామె నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రాసేటామెవు నువ్వేనా? శనారం శనారం మీ అత్త సదివి ఇనిపిచ్చేది. గా చీరది మాకందరికొస్తది."

విస్తరి ముందు కూర్చునే మొదలుపెట్టింది.

"మేడ మీద ఆరేసిన చీరకు
నాకన్న ముందే
గాలి తెలుసు."

నా కవిత అంతే. కానీ వాళ్ళు ఆగలేదు. ఎనిమిది మందీ ఒక్క గొంతుతో అందుకున్నారు.

"ఎంత ఎగిరినా
పొద్దుగూకంగ మడతవెట్టేది నేనే!"

ఆ చివరి మాటలు నేను రాయలేదు. అవి అత్తమ్మవి. వాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు, చావింట్లో ఉన్నామని కూడా మరిచిపోయి. పెరుగు గిన్నె పట్టుకుని నేనూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను.